‘భాషలతో మాటలాడుట’ : ఒక పదార్థ విచారము

అనువాద గ్రంథములను పరిశీలించు విమర్శకుడు సామాన్యముగా వాక్యనిర్మాణమును, శైలిని, విభక్తి ప్రయోగములను చూచును. కాని యొక్కొక్కచోట ఒక్క పదమే యొక సిద్ధాంతభారమును మోయుచుండును. క్రైస్తవ వేదముయొక్క తెలుగు అనువాదమున అట్టి పదములలో ‘భాష’ యనునది యొకటి. ‘భాషలతో మాటలాడుట’ యను పదబంధము క్రొత్త నిబంధనలో వచ్చు తావులను పరిశీలించి, మూలమున నున్న యర్థభేదములు తెలుగున నిలిచినవా, నిలువనిచో దానివలన విశ్వాసమునందును వాదమునందును కలిగిన ఫలమేమి యని విచారించుట ఈ వ్యాసమున కుద్దేశ్యము. ఆ విశ్వాసము సత్యమా కాదా యని తీర్పు చెప్పుట మా పని కాదు. ఒక పదమునకు ఎంతవరకు అర్థము చెప్పవచ్చునో, ఎచ్చట ఆగవలెనో నిర్ణయించుట మాత్రము భాషాసాహిత్యముల నభ్యసించువారి పనియే.

ముందుగా విషయస్వరూపము. పరిశుద్ధాత్మ ప్రేరేపించినపుడు భక్తుడు తాను నేర్వని పలుకులను పలుకుననియు, అది దైవదత్తమైన వరమనియు క్రైస్తవులలో పలువురి విశ్వాసము. 20వ శతాబ్ది ఆరంభమునుండి ప్రపంచమంతట వ్యాపించిన పెంతెకొస్తు సంఘములు ఈ వరమునకు విశేష ప్రాధాన్యమిచ్చినవి. భక్తునకు ఆత్మబాప్తిస్మము కలిగిన దనుటకు భాషలతో మాటలాడుటయే తొలి గుర్తు అని వానిలో పెక్కు సంఘముల బోధ. ఇతర సంఘములలో కొన్ని, ఈ వరము అపొస్తలుల కాలముతో ముగిసినదని చెప్పును. తెలుగునాట ఈ విషయమున ‘అన్యభాషలు’ అను మాట రూఢమైనది. వాదము జరుగు తీరు ఇట్లుండును: ఆక్షేపించువాడు ‘అది భాష యైనచో ఏ దేశపు భాష?’ యని యడుగును. సమర్థించువాడు ‘భూమిమీద ఎచ్చటనో ఆ భాష కలదు, లేనిచో దేవదూతల భాష’ యని బదులు చెప్పును. ఇరువురును ఒక్క ప్రతిజ్ఞను మాత్రము నిస్సంశయముగా అంగీకరించియున్నారు. పలికినది ‘భాష’ యనునదియే ఆ ప్రతిజ్ఞ. అది మూలమున నున్నదా, అనువాదమువలన వచ్చినదా యనునదియే మా ప్రశ్న.

ఈ విషయమునకు ఆధారములైన భాగములు స్వల్పములు. అపొస్తలుల కార్యములలో 2, 10, 19 అధ్యాయములు, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో 12, 13, 14 అధ్యాయములు ముఖ్యములు. మార్కు సువార్త చివర క్రొత్త భాషలను గూర్చిన ప్రస్తావన యొకటి కలదు. కాని 4వ శతాబ్దికి చెందిన సీనాయి, వాటికను ప్రతులు రెండింటను ఆ సువార్త 16వ అధ్యాయము 8వ వచనముతోనే ముగియుచున్నది. ఆ ప్రస్తావన దాని తరువాతి భాగములోనిది. కావున దానిపై ఆధారపడి సిద్ధాంతము చేయుట యుక్తము కాదు. మిగిలినవానిలో పౌలు లేఖ ప్రాచీనము. అది క్రీ.శ. 53-55 ప్రాంతమున వ్రాయబడినదనియు, అపొస్తలుల కార్యములు దానికి కొన్ని దశాబ్దములు తరువాతిదనియు అధికసంఖ్యాకులైన పండితుల మతము. కథాక్రమమున పెంతెకొస్తు ముందు. రచనాక్రమమున కొరింథు ముందు. ఈ భేదము తరువాతి విచారమునకు అవసరము.

ఇక పదములు. మన సంఘములలో బహుకాలముగా ప్రచారమున నున్న తెలుగు అనువాదమున ‘భాష’ యని యున్న తావులకు గ్రీకు మూలమున ఒక్క పదము లేదు, మూడు పదములున్నవి. మొదటిది ‘గ్లోస్సా’. దీనికి ముఖ్యార్థము నోటిలోని నాలుక, లక్ష్యార్థము భాష. రెండవది ‘దియలెక్తోస్’. ఇది ఒక దేశపు జనులు తమలో తాము మాటలాడుకొను నుడి. మూడవది ‘ఫోనే’. దీనికి ధ్వని, కంఠస్వరము అని యర్థము. లోకమునందలి భాష యను నర్థమునను వాడుక కలదు. ఈ మూటిలో వరమును చెప్పునపుడు పౌలు వాడినది ‘గ్లోస్సా’ మాత్రమే. లోకమునందలి నానావిధములైన భాషలను ఉపమానముగా తెచ్చునపుడు, 14వ అధ్యాయము 10, 11 వచనములలో, అతడు బుద్ధిపూర్వకముగ పదమును మార్చి ‘ఫోనే’ యనెను. ఈ మార్పు యాదృచ్ఛికము కాదని మా తలంపు. ఏలయన 12వ అధ్యాయము 10వ వచనమున వరములను లెక్కించునపుడు ‘నానావిధములైన’ యను విశేషణమును ‘గ్లోస్సా’కు చేర్చినవాడే, ఇచ్చట అదే విశేషణమును ‘ఫోనే’కు చేర్చినాడు. ఉపమేయమునకు ఒక పదము, ఉపమానమునకు వేరొక పదము. మన తెలుగున రెండింటను ‘భాషలు’ అనియే యున్నది. ఉపమానోపమేయములు ఒక్కటియైనచో ఉపమాలంకారము నిలువదు. భాషలు లోకభాషలవంటివి యనుట వానలు వానలవంటివి యనుటయే యగును.

‘గ్లోస్సా’ పదమునకు సాహిత్యశాస్త్రమున మరియొక యర్థము కలదు. అది మన విద్యార్థులకు ఆసక్తి కలిగించునది. అరిస్టాటిలు కావ్యశాస్త్రమున, వాడుకలో లేని లేదా పరప్రాంతమునకు చెందిన పదమును ఈ పేరుతోనే పిలిచెను. మన వ్యాకర్తలు అన్యదేశ్యము అనునదియు, ఆలంకారికులు అప్రయుక్తము అను దోషముగా చెప్పునదియు కలిసినచో నేర్పడు భావమునకు ఇది దగ్గరగా నుండును. అట్టి పదములతోనే రచన యంతయు నింపినచో అది కేవలము బర్బరభాష యగునని యతడు హెచ్చరించెను. పౌలు కాలమునకు ఈ పారిభాషికార్థము చదువుకొన్న గ్రీకులకు తెలిసినదే. 19వ శతాబ్ది జర్మను పండితులు కొందరు కొరింథీయుల లేఖలోని పదమునకు ఈ యర్థమునే చెప్పజూచిరి. సమగ్రమైన సమాధానముగా అది నిలువలేదు. కాని ‘గ్లోస్సా’ యనగానే గ్రీకు పాఠకునకు స్ఫురించునది ఒక దేశపు భాష మాత్రమే కాదని దానివలన స్పష్టమగుచున్నది. వినువానికి తెలియరాని పలుకు అను ధ్వని ఆ పదమును ఎల్లప్పుడు అంటిపెట్టుకొని యున్నది.

ఇప్పుడు పెంతెకొస్తునాటి కథను చూతము. యెరూషలేములో కూడియున్న శిష్యులపై అగ్నిజ్వాలలవంటి నాలుకలు వ్రాలినవి. వారు ఇతర నాలుకలతో పలుకసాగిరి. పార్తీయులు మొదలు క్రేతీయులు, అరబీయులవరకు నానాదేశములనుండి వచ్చిన యూదులు తమ తమ దేశపు నుడిలో దేవుని గొప్పకార్యములను వినిరి. ఈ కథలో లూకా నేర్పు ఒక శబ్దముపై నిలిచియున్నది. 3వ వచనమున అగ్నిరూపమున కనబడినదియు ‘గ్లోస్సా’యే, 4వ వచనమున నోట వెలువడినదియు ‘గ్లోస్సా’యే. నిప్పునాలుక నోటినాలుకయైనది. వినువారి పక్షమునుండి చెప్పునపుడు మాత్రము 6, 8 వచనములలో అతడు ‘దియలెక్తోస్’ అను మాటను వాడెను. పలికినవారికి నాలుక, విన్నవారికి స్వదేశపు నుడి. తెలుగున 3వ వచనమున ‘నాలుకలు’ అనియు, 4వ వచనమున ‘అన్యభాషలు’ అనియు, తరువాత వినువారి విషయమున మరల ‘భాష’ యనియు నున్నది. మూలమున కలిసియున్నవి విడిపోయినవి. విడిగా నున్నవి కలిసిపోయినవి.

ఈ భేదమును ప్రాచీనులు గమనింపకపోలేదు. 4వ శతాబ్దిలో నజియాంజుకు చెందిన గ్రెగొరీ పెంతెకొస్తు పండుగను గూర్చిన తన యుపన్యాసమున ఈ వాక్యమునకు విరామము ఎచ్చట పెట్టవలెనని చర్చించెను. ఒకచోట విరామమిచ్చినచో పలికిన ధ్వని యొక్కటియే, వినబడినవి పెక్కు భాషలు అని యర్థము. వేరొకచోట ఇచ్చినచో పలికినవే పెక్కు భాషలు. మొదటిది యైనచో అద్భుతము పలికినవారిది కాక విన్నవారిది యగునని యాక్షేపించి, గ్రెగొరీ రెండవదానినే గ్రహించెను. ఆయన నిర్ణయము ఎట్లున్నను, పదచ్ఛేదమునుబట్టి సిద్ధాంతము మారుననుటకు ఇంతకంటె మంచి యుదాహరణము మన వ్యాఖ్యాతలలోను అరుదు. మరియొక సంగతి. ఆ కథలోనే కొందరు వీరు క్రొత్త మద్యముతో నిండియున్నారని పరిహసించినట్లు లూకా చెప్పుచున్నాడు. తన భాషను స్పష్టముగా విన్నవాడు పలికినవానిని త్రాగుబోతు అనడు. అర్థము తెలియని పలుకును విన్నవాడే అట్లనును. లూకా స్వీకరించిన పూర్వకథలో పలుకులు కొందరికైనను అస్పష్టములుగా నుండెననుటకు ఈ పరిహాసము ఒక గురుతు అని కొందరు పండితులు ఊహించిరి. మాకును అట్లే తోచుచున్నది.

కొరింథు సంగతి వేరు. అది క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు పునఃప్రతిష్ఠ చేసిన రోమను పట్టణము. రెండు రేవుల నడుమ నున్న వర్తకకేంద్రము. పలుభాషలవారు తిరుగు ఆ యూరిలో పరదేశపు భాష వినబడుట వింత కాదు. ఐనను సంఘమున ఒకడు నాలుకతో పలుకునపుడు ఎవ్వడును గ్రహింపలేకుండెనని పౌలు చెప్పుచున్నాడు. అతడు మనుష్యులతో కాక దేవునితో పలుకుచున్నాడట. యెరూషలేములో వినువారికి దుబాసి యవసరము కాలేదు. కొరింథులో అర్థము చెప్పువాడు లేక సాగలేదు. రెండుచోట్లను జరిగినది ఒక్కటియే యని ముందుగా నమ్మినవానికి తప్ప ఈ రెండు వర్ణనములు సమన్వయము కావు. తెలుగు పాఠకునకు అట్టి నమ్మకము ‘భాష’ యను ఒక్క మాటవలన తనంత తానే కలుగుచున్నది. సంఘమున వినబడు పలుకునకు వాడుకలో ‘అన్యభాషలు’ అను పేరు నిలుచుటయు ఇందులకు తోడ్పడినది. ఆ ‘అన్య’ శబ్దము పెంతెకొస్తు కథలోనిది. పౌలు దానిని వరమునకు చేర్పలేదు. యెషయా ప్రవచనమును ఉదాహరించునపుడు మాత్రమే వాడెను. 1611 నాటి ఆంగ్లానువాదకులు ఇదే తావున ‘తెలియని’ యను విశేషణమును చేర్చిరి. కాని మూలమున లేని మాట యని అక్షరభేదముచే సూచించిరి. మన వాడుకలో అట్టి సూచన లేదు.

14వ అధ్యాయమున పౌలు వాదమునకు ఆయువుపట్టు నాలుకకును మనస్సునకును గల భేదము. నాలుకతో ప్రార్థించునపుడు తన ఆత్మ ప్రార్థించును గాని మనస్సు నిష్ఫలముగా నుండునని యతడు చెప్పుచున్నాడు. సంఘమున నాలుకతో పదివేల మాటలు పలుకుటకంటె, ఇతరులకు బోధ కలుగునట్లు మనస్సుతో అయిదు మాటలు పలుకుట మేలని యతని నిర్ణయము. ఇచ్చట ‘భాష’ యనినచో వాదము కుంటువడును. భాషకు మనస్సు ప్రతిపక్షము కాదు. మనస్సు లేనిదే భాష లేదు. నాలుక యనినచో ప్రతిపక్షము స్పష్టము. నాలుక కదలుచున్నది, మనస్సు దానితో కదలుట లేదు. మనస్సు లేని మాటను మన జనులును నోటిమాట యని వేరు చేయుదురు. ఆ లోకవ్యవహారమే అనువాదకునకు దారి చూపగలిగి యుండెను.

అర్థము తెలియని పలుకును విన్నపుడు, పలికినవాడు వినినవానికిని, వినినవాడు పలికినవానికిని బర్బరుడగునని పౌలు మరియొక యుపమానము చెప్పెను. గ్రీకున ఆ పదము ‘బార్బరోస్’. పరభాష చెవికి బర-బర యని మాత్రమే వినబడుటవలన ఏర్పడిన ధ్వన్యనుకరణ పదమిది. సంస్కృతమున ‘బర్బర’ శబ్దము దీనికి తోబుట్టువు. తెలుగు అనువాదమున ‘పరదేశి’ యని యున్నది. తప్పు కాదు, కాని చెవికి సంబంధించిన స్వారస్యము పోయినది. పౌలు చెప్పదలచినది ఊరు వేరగుట కాదు, పలుకు వినబడియు ముట్టకపోవుట. ఒకే సంఘమున, ఒకే యూరివారు, ఒకరికొకరు బర్బరులగుదురు. ఈ యవస్థను తప్పించుటకే యతడు కట్టుబాట్లు విధించెను. ఇద్దరు, హెచ్చైనచో ముగ్గురు, వంతులచొప్పున పలుకవలెను; ఒకడు అర్థము చెప్పవలెను; చెప్పువాడు లేనిచో సంఘమున మౌనముగా నుండవలెను. అయినను నాలుకలతో పలుకుటను ఆటంకపరచవలదని యధ్యాయాంతమున స్పష్టముగా చెప్పెను. తాను అందరికంటె హెచ్చుగా నట్లు పలుకుదునని అంతకుముందే చెప్పుకొనియుండెను. కావున అతడు వరమును ఖండించినవాడు కాడు. వరమునకు సభలో విలువ వినువానినిబట్టి యేర్పడునని నిర్ణయించినవాడు.

ఈ వ్యాఖ్యకు ప్రతికూలముగా చెప్పదగిన మాటలు రెండు కలవు. మొదటిది: ‘అర్థము చెప్పుట’ యను వరమునకు పౌలు వాడిన క్రియ ఒక భాషనుండి మరియొక భాషకు మార్చుటకును చెల్లును, కావున మూలమున నున్నది భాషయే కావలెను కదా! నిజమే, కాని ఆ క్రియకు వ్యాఖ్యానించుట, విశదపరచుట యను నర్థములును సమముగా కలవు. స్వప్నమునకు అర్థము చెప్పుదుము, శకునమునకు అర్థము చెప్పుదుము. అవి భాషలు కావు. రెండవది బలవత్తరము. పౌలు 21వ వచనమున ఉదాహరించిన యెషయా ప్రవచనము అష్షూరీయుల పరభాషను గూర్చినది. అది నిజమైన మానవభాష. దీనికి మా సమాధానమిది: ప్రవచనమున పౌలునకు కావలసినది భాషయొక్క జాతి కాదు, వినినవారిపై దాని ఫలము. అర్థము కాని పలుకు విన్న జనులు మారలేదు అనుటయే యతని హేతువు. అయినను ఈ రెండవ యాక్షేపము పూర్తిగా తొలగినదని మేము చెప్పము. మూలమే ఈ తావున రెండర్థములకు ఎడమిచ్చుచున్నది. ఎడమున్నచోట దానిని మూసివేయుట అనువాదకుని యధికారము కాదని మాత్రము చెప్పుదుము.

తరువాతి చరిత్రలో ఈ సందిగ్ధత పలురూపముల కనబడుచున్నది. క్రీ.శ. 180 ప్రాంతమున లియోను బిషప్పు ఐరేనియసు, తన కాలపు సంఘమున ఆత్మవలన నానావిధములైన నాలుకలతో పలుకువారున్నారని వ్రాసెను. రెండు శతాబ్దములు గడచునప్పటికి పరిస్థితి మారినది. కొరింథీయుల లేఖపై ఉపన్యసించుచు జాన్ క్రిసోస్తొము, అప్పుడు జరిగినవి ఇప్పుడు జరుగుట లేదు గనుక ఈ ఘట్టము మిక్కిలి యస్పష్టముగా నున్నదని చెప్పెను. విషయము కన్నులయెదుట లేనపుడు పదమునకు అర్థము చెప్పుట కష్టమని యొప్పుకొనిన వ్యాఖ్యాత నిజాయితీ ఇది. అగస్తీను మరియొక మార్గము త్రొక్కెను. నాడు ఒక్కొక్కడు పలుభాషలు పలికెను. నేడు సర్వజాతులలో వ్యాపించిన సంఘమే అన్ని భాషలును పలుకుచున్నది. కావున వ్యక్తికి ఆ గుర్తు అక్కరలేదని యాయన భావము. వ్యక్తియొక్క అద్భుతము సంఘముయొక్క అనువాదకార్యముగా పరిణమించినదనుట దీని సారము.

ఆధునికయుగమున ‘భాష’ యను నర్థమే మరల ముందునకు వచ్చినది. 1901 జనవరి 1న అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున టొపీకా పట్టణమందు చార్లెస్ పార్హాము నడిపిన వేదపాఠశాలలో ఆగ్నెస్ ఓజ్మను అను విద్యార్థిని భాషలతో మాటలాడినది. ఆమె పలికినది చైనాభాష యని ప్రచారము జరిగెను. ఈ వరము కలిగినచో మతబోధకులు విదేశభాషలను నేర్వనక్కరలేదని పార్హాము సిద్ధాంతము. 1906లో లాస్ ఏంజిలిసు నగరమున అజూసా వీధిలో నల్లజాతి బోధకుడైన విలియం సీమోరు నడిపిన సభలవలన ఈ విశ్వాసము దేశదేశముల వ్యాపించినది. అచ్చట వరమును పొందిన ఆల్ఫ్రెడ్ గార్ తాను పలుకునది వంగభాష యని నమ్మి, భార్యతో కూడ కలకత్తాకు వచ్చెను. వంగీయులకు ఆ పలుకులు తెలియలేదు. ఆయన వరమును విడువలేదు, దాని యర్థమును మార్చుకొనెను: అది పరజనులకు బోధించు సాధనము కాదు, దేవుని స్తుతించు పలుకు. 1907లో హాంకాంగునకు వెళ్లినపుడు దుబాసి సహాయముతో బోధించెను. గార్ కలకత్తాలో నేర్చినది కొరింథీయుల లేఖ 14వ అధ్యాయమే యనవచ్చును. యెరూషలేమును వెదకుచు వచ్చినవాడు కొరింథునకు చేరెను.

అదే కాలమున మన దేశమున జరిగిన మరియొక సంగతి ఇంతకంటె గమనింపదగినది. పూనా సమీపమున కేడ్గాం గ్రామమందు పండిత రమాబాయి స్థాపించిన ముక్తి ఆశ్రమమున 1905లో ఉజ్జీవము ఆరంభమైనది. దాని వెంబడి ఆశ్రమమందలి బాలికలు భాషలతో పలికినట్లు వార్తలు వెలువడినవి. వారిలో పెక్కుమంది కరవులో దిక్కులేనివారైనవారు, విధవలు. తమ మాటకు ఇంటను వీథిని విలువ యెరుగనివారు. ఆవేశపు పలుకును హేళన చేయువారు, అది ఎవరి నోట వెలువడినదో కూడ చూడవలెను. అజూసా వీధి సభలకును ఈ మాట వర్తించును. కాని ముక్తి ఆశ్రమమున ఇంకొక కార్యము గూడ సాగుచుండెను. సంస్కృతపండితురాలైన రమాబాయి హెబ్రూ, గ్రీకు భాషలను నేర్చి, వేదమును సామాన్యస్త్రీలకు తెలియు మరాఠీలోనికి తానే అనువదించుచుండెను. సంవత్సరముల తరబడి సాగిన ఆ పని ముగించి ఆమె 1922లో మరణించినది. గ్రంథము 1924లో వెలువడినది. ఒకే ఆవరణమున నేర్వని పలుకును నేర్చిన పలుకును నిలిచినవి. ఒకటి యున్నదని రెండవది మానబడలేదు.

ఇక భాషాశాస్త్రజ్ఞుల పరిశీలనము. టొరాంటో విశ్వవిద్యాలయాచార్యుడు విలియం సమరిన్ 1972లో ప్రకటించిన గ్రంథమున, ఈ పలుకులను ధ్వనిముద్రణముచేసి విశ్లేషించెను. వానిలోని ధ్వనులు హెచ్చుగా పలుకువాని మాతృభాషనుండి వచ్చినవే. అక్షరములు సరళములు, పెక్కు అజంతములు. ఆవృత్తియు అనుప్రాసమును మిక్కుటము. స్వరము, లయ, విరామము మాత్రము వాక్యములను పోలియుండును. శబ్దమునకును అర్థమునకును నియతసంబంధము లేకపోవుటచే అది భాష కాదని యతని నిర్ణయము. అదే సంవత్సరమున ఫెలిసిటాస్ గుడ్మన్ వేరు వేరు భాషలవారి పలుకులలో స్వరము ఒకే తీరున శిఖరమున కెక్కి దిగుచున్నదని చూపి, అది సమాధివంటి యొక చిత్తావస్థయొక్క చిహ్నమని వాదించెను. అట్టి యవస్థ లేకయే పలుకువారు కలరని సమరిన్ దీనితో విభేదించెను. 2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున అయిదుగురు స్త్రీలపై జరిగిన మెదడు పరీక్షలో, అట్లు పలుకునపుడు నుదుటివైపు భాగములలో రక్తప్రసారము తగ్గినట్లు తేలినది. అయిదుగురిపై జరిగిన పరీక్షనుండి హెచ్చు సిద్ధాంతములు తీయరాదు. అయినను నాలుక పలుకుచుండగా మనస్సు నడుపుట లేదను పౌలు వర్ణనమునకు అది విరుద్ధము కాదు.

భాష కాదని తేలినంతమాత్రమున అది నిరర్థకమని తేలునా? ఈ ప్రశ్న మన దేశమున క్రొత్తది కాదు. మంత్రములు అర్థరహితములని కౌత్సుడు చేసిన వాదమును యాస్కుడు నిరుక్తమున ఎత్తి చూపి ఖండించెను. లోకమున వాడుకలో నున్న శబ్దములే మంత్రములందును ఉన్నవి గనుక వానికి అర్థము కలదని యతని ప్రధానహేతువు. ఆ హేతువు ఈ పలుకులకు చెల్లదు. లోకమున వాడు శబ్దములు వీనిలో లేవు. సామగానమునందలి స్తోభములు వీనికి కొంత దగ్గర. హాఉ, హోయి మొదలగు ఆ యక్షరములకు వాచ్యార్థము లేదు. గానమున వానికి స్థానము మాత్రము నియతము. అయితే స్తోభము గురుశిష్యపరంపరచే అక్షరము తప్పక వచ్చునది. నాలుకపలుకు అప్పటికప్పుడు పుట్టునది, మరల అట్లే రానిది. ఈ భేదమును మరువరాదు. సామ్యము చూపునది ఒక్కటియే: ఆరాధనమున ఒక పలుకు వాచ్యార్థము లేకయే ప్రయోజనవంతము కావచ్చును. వాచ్యము లేనిచోట, పలుకుట యను క్రియయే అర్థమును సూచించును. భక్తుడు తన మాటలు చాలవని ఒప్పుకొనుటయే ఆ యర్థమని క్రైస్తవ వ్యాఖ్యాతలలో పలువురు చెప్పిరి. అట్టి యర్థమును నిఘంటువుతో నిరూపింపను లేము, నిరాకరింపను లేము.

‘భాష’ యను అనువాదమువలన కలిగిన హాని ఇచ్చట తెలియుచున్నది. భాష యనగానే నిఘంటువు, వ్యాకరణము, మాటలాడు జనులు ఉండవలెనను నిరీక్షణ కలుగును. అవి కనబడనపుడు పలికినవాడు మోసగాడని ఒకరు నిందింతురు. నింద తప్పించుకొనుటకు ఇంకొకరు లేని దేశమును, లేని భాషను కల్పింతురు. మూలపదము ఆ నిరీక్షణను పుట్టింపదు. నాలుక యని మాత్రమే చెప్పి యూరకుండును. ఒకనిని అబద్ధికుడనుట గాని, అబద్ధమునకు పురికొల్పుట గాని చిన్న సంగతి కాదు. అది పదమువలన జరుగుచున్నపుడు పదమును పరీక్షింపక తప్పదు.

తెలుగు అనువాదకులయెడ మాకు నిందాభావము లేదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషను బోధకులు జార్జి క్రాను, అగస్టస్ డేగ్రాంజి యనువారు ఆనందరాయని సాహాయ్యముతో తెలుగు నేర్చి సువార్తలను అనువదింప పూనిరి. క్రాను 1809లోను, డేగ్రాంజి 1810లోను మరణించిరి. వారు చేసిన మూడు సువార్తల అనువాదము 1812లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. నేర్వని భాష దానంతట వచ్చునను నమ్మకముతో గార్ కలకత్తాకు వచ్చుటకు నూరేండ్లు ముందు, నేర్చిన భాషకై ప్రాణముల నొడ్డినవారు వీరు. వారి మార్గమున నడచినవారి కృషి యనువాదచరిత్రలో గౌరవింపదగినది. ఆ గౌరవమే సంస్కరణమును కోరుచున్నది.

మా ప్రతిపాదనములు మూడు. మొదటిది, కొరింథీయుల లేఖలో వరమును చెప్పుచోట్ల ‘నాలుకలతో పలుకుట’ యని యుండవలెను. ఇది తెలుగున వింతగా వినబడుననుట నిజము. గ్రీకునను అది వింతగానే వినబడెను. వింతను పోగొట్టుట స్పష్టత కాదు. రెండవది, 14వ అధ్యాయము 10వ వచనమున లోకభాషలను చెప్పుచోట మాత్రమే ‘భాషలు’ అని నిలుపవలెను. అప్పుడు ఉపమానము ఉపమానముగా నిలుచును. మూడవది, అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయమున 3, 4 వచనములలో ‘నాలుక’ పదమునే రెండుచోట్లను వాడి, వినువారి విషయమున ‘నుడి’ యను దేశ్యపదమును వాడినచో లూకా చేసిన శబ్దభేదము దక్కును. ఈ మార్పులవలన ఏ సంఘముయొక్క సిద్ధాంతమును గెలువదు, ఓడదు. మానవభాష యని నమ్మువాడు నాలుకలను భాషలుగా వ్యాఖ్యానించుకొనవచ్చును. ఆవేశపు పలుకు అని తలచువాడు అట్లును చదువవచ్చును. అనువాదము చేసిన నిర్ణయమును తిరిగి పాఠకుని చేతిలో పెట్టుటయే మా కోరిక.

పరిశోధక విద్యార్థులు ఈ యధ్యాయమును మరియొక దృష్టితోను చదువదగును. క్రీ.శ. 1వ శతాబ్దిలో ఒక చిన్న సంఘమున తలెత్తిన వివాదమును తీర్చుచు, పలుకునకు ప్రమాణము వినువాడే యని ఒకడు వ్రాసినాడు. ఆ సభలో ఉపదేశము పొందక మూల కూర్చున్నవాడు ‘ఆమేన్’ అనగలిగిననే ప్రార్థన సభకు చెందినదగునని యతని కొలత. పలికినవాని యావేశమును అతడు శంకింపలేదు. అర్థము చెప్పు బాధ్యతను మాత్రము తప్పింపలేదు. చెప్పగలవాడు లేనపుడు సభలో ఊరకుండి, తనలో తాను దేవునితో పలుకుకొమ్మనెను. పాఠము చెప్పు మనకును, వ్యాఖ్యానము వ్రాయు మనకును ఆ కట్టుబాటు వర్తించును.